తేలినీలాపురపు చింతచెట్లు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి సమీపమున తేలినీలాపురమను పల్లె కలదు. మాఘమాసమున అచటి చింతకొమ్మలపై గూడబాతు పిల్లలు తల్లి గొంతుసంచిలో తల దూర్చి చేపలు తినుచుండును. ప్రక్కనే రెక్కలపై గులాబివన్నె గల కొంగలు. నౌపడ చిత్తడినేలలు వీని మేతపట్టు.

ఇవి సైబీరియా పక్షులని తరగతిలో చెప్పుచుందుము, నేనును చెప్పితిని. పొరపాటు! ఈ గూడబాతు మన దేశపుదే. చేపలును, గూటికి చెట్టును దొరకినచోటికి తరలివచ్చును. దూరపు చుట్టమన్న గౌరవము ఇంటిపక్షికి దక్కదు కాబోలు.

వీని రాక శుభమని ఊరివారి నమ్మకము. అందుచేతనే 2022 ఆరంభమున నులిపురుగులు సోకి పెక్కు గూడబాతులు చెట్లక్రింద రాలిపడగా ఊరు కలతచెందినది.

చైత్రమునకు కొమ్మలు ఖాళీయగును. ఉపాధ్యాయులారా, పిల్లలను తీసికొని పోదలచినచో ఇప్పుడే పోవలెను.