రాత్రంతా పెట్టినా టాబ్లెట్ ఎందుకు నిండదు?

మన కాలనీలో ఇప్పుడు చాలా ఇళ్లల్లో ల్యాప్‌టాప్ ఉంది, దాంతోపాటు ఒక టాబ్లెట్ కూడా ఉంది. ల్యాప్‌టాప్ ఎక్కువమందికి ప్రభుత్వం ఇచ్చిందే. 2011 సెప్టెంబరు 15న జయలలితమ్మ మొదలుపెట్టిన పథకంలో ప్లస్ టూ పిల్లలకు వచ్చినవి. అక్కకు పెళ్లై అత్తగారింటికి పోయినా ఆమె ల్యాప్‌టాప్ మాత్రం పుట్టింట్లోనే ఉంటుంది, తమ్ముడో చెల్లెలో వాడుకుంటారు. టాబ్లెట్ అయితే ఎవరో వాడి అమ్మింది తక్కువకు కొన్నదై ఉంటుంది. చాలాసార్లు దాని చార్జరు దాంతో రాదు.

రెండూ ఉన్నాయిగానీ ప్లగ్ పాయింట్లు లేవు. లైనిళ్లు కట్టిన రోజుల్లో ఒక లైటు, ఒక ఫ్యాను, ఒక ప్లగ్గు చాలనుకున్నారు. ఆ ఒక్క ప్లగ్గులోనే మిక్సీ, అందులోనే ఇస్త్రీపెట్టె. అందుకని పిల్లలు ల్యాప్‌టాప్‌ను ప్లగ్గుకు పెట్టి, టాబ్లెట్‌ను ల్యాప్‌టాప్ పక్కనుండే యూఎస్‌బీ పోర్టులో పెడతారు. తెలివైన పనే. తెల్లారి చూస్తే టాబ్లెట్ నిండి ఉండదు. అప్పుడు తిట్లు మొదలు. "రాత్రంతా సినిమా చూశావా?" అని అమ్మ, "బ్యాటరీ పోయింది" అని అంగడివాడు.

మా వరసలో ఒకామె కోన్ వైండింగులో పని చేస్తుంది, ఎక్కువగా నైట్ షిఫ్టు. కూతురు ప్లస్ టూ. పాఠాలన్నీ టాబ్లెట్‌లో పెట్టుకుంది, పరీక్షలకు ఇరవై రోజులుంది. పొద్దున ఆ తల్లి షిఫ్టు దిగి వచ్చేసరికి టాబ్లెట్ 20 శాతం దగ్గరే నిలిచి ఉండేది. రోజూ అదే గొడవ. అంగడిలో చూపిస్తే బ్యాటరీ మార్చాలి, 1800 అవుతుంది అన్నారట. ఆమెకు అది నాలుగు రోజుల కూలి. "మామా, ఇచ్చేదా వద్దా, ఒకసారి చూడు" అని మా ఇంటికి తెచ్చింది.

నాకు పెద్ద చదువు లేదు, అయిదో తరగతి. కానీ మా అల్లుడు మిల్లులో ఎలక్ట్రీషియను. అతని దగ్గర వేలెడంత మీటరు ఒకటి ఉంది. యూఎస్‌బీలో గుచ్చి దానికి వైరు తగిలిస్తే ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో అంకెలు చూపిస్తుంది. మూడు వందల లోపే దొరుకుతుంది. దాన్ని పెట్టి చూశాం. ల్యాప్‌టాప్ నుంచి పోతున్నది 0.47 ఆంపియరు. అదే టాబ్లెట్‌ను మా ఇంటి 2 ఆంపియర్ల చార్జరుకు పెడితే 1.6 చూపించింది. టాబ్లెట్ బాగానే తాగుతోంది, పోసేవాడే చెంచాతో పోస్తున్నాడు.

సంగతేమంటే, యూఎస్‌బీ అనేది చార్జింగు కోసం పుట్టింది కాదు. 1996లో వచ్చింది. మన దేశంలో బరోడాలో చదివిన అజయ్ భట్ అనే ఇంజినీరు ఇంటెల్ కంపెనీలో దాని వెనక ఉన్న ముఖ్యుల్లో ఒకరు. మౌస్, కీబోర్డు, ప్రింటరు ఒక్కోదానికి ఒక్కో రకం పిన్ను ఉండే బాధ తప్పించడానికి చేశారు. మౌస్‌కు ఎంత కరెంటు కావాలి? చిటికెడు. అందుకని పాత రకం పోర్టుకు 5 వోల్టులు, అర ఆంపియరు అని హద్దు పెట్టారు. అంటే రెండున్నర వాట్లు. అది కూడా మొదట 0.1 ఆంపియరే. తగిలించిన వస్తువు తానెవరో చెప్పి, నాకింత కావాలని అడిగాక, కంప్యూటరు సరే అంటేనే అర ఆంపియరు. మన మిల్లు గేటులో టోకెన్ చూపించాక లోపలికి వదిలినట్టే. టాబ్లెట్ చార్జరేమో 2 ఆంపియర్లు, 10 వాట్లు. నాలుగింతలు తేడా.

మిల్లులో పని చేసినవాళ్లకు ఇది కొత్త కాదు. లైట్ల లైను వేరు, మోటార్ల లైను వేరు. లైటు లైనుకు రింగ్ ఫ్రేము మోటారు తగిలిస్తే ఏమౌతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ మాత్రం ఫ్యూజు పోదు, కంప్యూటరే కొలిచి తక్కువ ఇస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

లెక్క వేసి చూద్దాం. ఆంధ్రలో 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు శాంసంగ్ ఏ7 లైట్ టాబ్లెట్లు పంచారు. దాని బ్యాటరీ 5100 మిల్లీ ఆంపియర్ గంటలు. అర ఆంపియరంటే 500 మిల్లీ ఆంపియర్లు. గంటకు 500 చొప్పున పోస్తే 5100 నిండడానికి ఎంతసేపు? పది గంటలు, అదీ తెర ఆర్పి పక్కన పెడితేనే.

చూస్తూ చార్జి చేస్తే వేరే కథ. తెర వెలుగు, వైఫై, వీడియో అన్నీ కలిసి రెండు మూడు వాట్లు తినేస్తాయి. వచ్చేది రెండున్నర. రింగ్ ఫ్రేములో పని చేసిన అక్కలకు తెలుసు, సింప్లెక్స్ నుంచి రోవింగ్ బాబిన్లు సరిగా రాకుండా ఫ్రేము మాత్రం లాగుతూనే ఉంటే క్రీలు ఖాళీ అవుతుంది. టాబ్లెట్‌లోనూ అంతే. చార్జింగు గుర్తు వెలుగుతూ ఉంటుంది, శాతం మాత్రం పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. 2010లో ఐప్యాడ్ కొత్తగా వచ్చినప్పుడు చాలా కంప్యూటర్లకు తగిలిస్తే "చార్జి కావడం లేదు" అని తెర మీదే చూపించేది. పాడైందేమోనని అమెరికాలోనూ జనం కంగారుపడ్డారు. మన దగ్గరి టాబ్లెట్లు ఆ మాట కూడా చెప్పవు.

ఆ పిల్ల విషయంలో ఇంకో సంగతి తేలింది. అమ్మ వెలుతురు పడకూడదని రాత్రి పదింటికి ల్యాప్‌టాప్ మూత మూసేస్తోంది. మూత మూస్తే చాలా ల్యాప్‌టాప్‌లు నిద్రపోతాయి, నిద్రపోతే యూఎస్‌బీకి కరెంటు ఆపేస్తాయి. అంటే రాత్రంతా టాబ్లెట్ ఉత్తి వైరుకు వేలాడుతోంది. పాపం ఆ బిడ్డ సినిమా చూసిందీ లేదు, ఏమీ లేదు. తల్లి ఆ మాట విని కాసేపు ఏమీ అనలేదు. తరువాత కూతురి తల నిమిరి "పద, ఇడ్లీ తిందువు" అంది. బ్యాటరీ మార్చలేదు. బీఐఎస్ గుర్తూ, దాని దగ్గర ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరూ ఉన్న చార్జరు ఒకటి 350కి కొన్నారు. ఆ గుర్తు లేని వంద రూపాయల చార్జర్లు పిల్లల మంచం పక్కన పెట్టొద్దు. అవి వేడెక్కుతాయి.

మరి కంప్యూటరుకు పెట్టనే కూడదా అంటే, పెట్టొచ్చు. ఏ పోర్టులో పెడుతున్నారో చూసుకోవాలి. లోపల నీలం రంగు ఉన్న పోర్టు సాధారణంగా కొత్త రకం, అది 0.9 ఆంపియరు ఇస్తుంది. పక్కన చిన్న మెరుపు గుర్తో బ్యాటరీ గుర్తో ఉంటే ఇంకా ఎక్కువ ఇవ్వొచ్చు, కొన్నింటిలో మూత మూసినా ఇస్తుంది. గుండ్రటి అంచుల టైప్-సీ పోర్టు ఉంటే అదే మేలు, కొన్ని 3 ఆంపియర్ల దాకా ఇస్తాయి. ఒక పోర్టును నాలుగు చేసే పెట్టెలు అమ్ముతారే, వాటికి పెట్టొద్దు, ఉన్న కొంచెమే నలుగురికి పంచినట్టు. వైరు పొట్టిగా, మందంగా ఉండాలి. సన్నటి పొడుగు వైరులో దారిలోనే వోల్టు పడిపోతుంది. గుండ్రటి పిన్ను చార్జరుతో వచ్చే చవక టాబ్లెట్లలో కొన్ని యూఎస్‌బీ నుంచి అసలు చార్జి తీసుకోవు. దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

2012లో రోజుకు పది పన్నెండు గంటలు కరెంటు లేక మిల్లులు కూడా జనరేటరు మీద నడిచాయి. అలాంటప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచి టాబ్లెట్‌కు కొంచెం పోసుకోవడం మంచి ఉపాయమే. కానీ కరెంటున్న రోజు అదే పని చేయడం నష్టం. టాబ్లెట్ ఒకసారి నిండడానికి యూనిట్‌లో యాభయ్యో వంతు చాలు. దానికోసం 20 వాట్ల ల్యాప్‌టాప్‌ను పది గంటలు నడిపితే ఒక యూనిట్‌లో అయిదో వంతు పోతుంది, పదింతలు. మన తమిళనాడులో రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితమని చాలామంది లెక్క చేయరు. ఫ్యాను, మిక్సీ, టీవీ ఉన్న ఇంట్లో ఆ 100 ఎప్పుడో దాటిపోయింది.

బ్రౌజింగ్ సెంటరులోనో, తెలియనివాళ్ల కంప్యూటరులోనో పెట్టినప్పుడు టాబ్లెట్ తెర మీద ఒక ప్రశ్న వస్తే "చార్జింగ్ మాత్రమే" అన్నదే నొక్కమని పిల్లలకు చెప్పండి. ఆ వైరులో కరెంటుతో పాటు ఫోటోలు, ఫైళ్లు కూడా నడుస్తాయి.

మీటరు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది, అల్లుడు వదిలేసి పోయాడు. అంగడివాడు బ్యాటరీ మార్చమన్నాడని డబ్బు తీసే ముందు టాబ్లెట్, వైరు, చార్జరు మూడూ పట్టుకుని సాయంత్రం ఆరు తరువాత రండి. అయిదు నిమిషాల పని. ఆదివారం మాత్రం వద్దు, ఆ రోజు నేను మామిడి తోటకు పోతాను.