నెగడు చేనునే కాల్చితే?

వానలు ముదిరినప్పుడు, మళ్ళీ చలి ముదిరినప్పుడు మన పల్లెల్లో దగ్గు వినిపించని ఇల్లు అరుదు. "సర్దే కదా, నాలుగు రోజుల్లో అదే పోతుంది" అనుకుంటాము. చాలామందికి అలాగే పోతుంది కూడా. కాని అదే ఫ్లూ జ్వరము ఒక ఇంట పసిబిడ్డను, మరొక ఇంట ముసలితండ్రిని ఎందుకు తీసికొనిపోతుంది?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుతున్నవారిలో మన తెలంగాణ ఆడపడుచు ఒకరున్నారు. ఆమె డాక్టర్ కన్నెగంటి తిరుమలదేవి గారు. ఆమెది కొత్తగూడెం. మన కొత్తగూడ కాదు, బొగ్గుగనుల కొత్తగూడెం. అక్కడి సింగరేణి కాలరీస్ మహిళా డిగ్రీ కళాశాలలో చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పూర్తిచేశారు. ఆమె మొదటి పరిశోధన మనుష్యుల జబ్బుల మీద కాదు, మొక్కల తెగుళ్ళ మీద. తరువాత అమెరికా వెళ్ళి, మనిషి శరీరము రోగాన్ని ఎలా ఎదుర్కొంటుందో పరిశోధించసాగారు. 2007లో మెంఫిస్ నగరంలోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాసుపత్రిలో చేరారు.

ఆమె పనిని మనకు తెలిసిన మాటల్లో చెప్పుకుందాము. అడవిపందులు రాకుండా రాత్రివేళ మంచె దగ్గర నెగడు వేస్తాము. నెగడు ఆరితే పందులు చేనును పాడుచేస్తాయి. గాలికి రేగితే నెగడే చేనును కాల్చివేస్తుంది. మన ఊపిరితిత్తుల్లోనూ ఇట్టిదే జరుగుతుంది. ఫ్లూ వైరస్ లోపలికి దూరగానే, కణములలో కావలివారి వంటి ప్రోటీనులు దానిని గుర్తుపట్టి మంట రాజేస్తాయి. జ్వరము, వాపు ఆ మంట గుర్తులే.

2009లో ఆమె బృందము ఎన్.ఎల్.ఆర్.పి.3 అనే కావలి ప్రోటీను లేని ఎలుకలకు ఫ్లూ సోకించి చూసింది. అవి మామూలు ఎలుకలకంటె ఎక్కువగా చనిపోయాయి. అంటే ఆ మంట అవసరమే. 2016లో జెడ్.బి.పి.1 అనే మరొక కావలి ప్రోటీను ఫ్లూ వైరస్‌ను పసిగట్టి, కణములను చంపించి, మంటను పెంచుతుందని కనుగొన్నారు. అది లేని ఎలుకల్లో వైరస్ పోవడం ఆలస్యమైనా, చావు తగ్గింది. అంటే ప్రాణము తీసేది వైరస్ ఒక్కటే కాదు, అదుపు తప్పిన మన సొంత మంట కూడా. కోవిడ్ కాలంలోనూ ఆమె బృందము ఇదే దారిలో నడిచింది. శరీరము విడుదల చేసే రెండు పదార్థాలు కలిసి కణములను చంపుతున్నాయని, ఆ రెంటినీ అడ్డుకొంటే ఎలుకలు బ్రతుకుతున్నాయని 2021లో ప్రచురించింది.

ఇవి ఎలుకలపై చేసిన ప్రయోగాలు. వీటినిబట్టి మనమే మందులు వాడుకోరాదు. మంట కావలసినదో, మితిమీరినదో తేల్చవలసినది డాక్టరే. అందుకే జ్వరము తగ్గడంలేదని తెలియనివారిచేత స్టెరాయిడ్ సూది వేయించుకోవద్దు. యాంటీబయాటిక్ మాత్ర వైరస్‌ను చంపదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వవద్దు. ఫ్లూ టీకా ప్రతి సంవత్సరము వేయించుకోవలసినది, ఎందుకంటే వైరస్ రూపు మార్చుకొంటూ ఉంటుంది. గర్భిణులు, వృద్ధులు దాని గురించి డాక్టరును అడగండి.

తల్లులారా, మంట రేగుతున్నదని ముందుగా చెప్పేది బిడ్డ ఊపిరే. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, గడియారము చూస్తూ నిండు నిమిషము లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలలనుండి ఏడాదిలోపు 50, ఏడాదినుండి అయిదేండ్లలోపు 40, లేక అంతకుమించి ఊపిర్లు వస్తే అది వట్టి సర్ది కాదు. డొక్కలెగరేస్తున్నా, పాలు త్రాగలేకపోయినా, మత్తుగా పడియున్నా, పెదవులు నీలిబారినా తెల్లవారేదాకా ఆగవద్దు. ఆశమ్మను పిలవండి, 108కి ఫోను చేయండి, ఆసుపత్రికి చేర్చండి.

అటువంటి బిడ్డను రక్షించే కొత్త మందుకోసం ప్రయోగశాలల్లో వెదకులాట సాగుతూనే ఉన్నది. ఊపిరి లెక్కపెట్టడానికి మాత్రం ఒక గడియారము చాలు.