ఉసిళ్ళ తిండి

తొలకరి జల్లు వెలసిన సాయంకాలమున దీపముల చుట్టు మూగి, తెల్లవారుసరికి గడపలో ఱెక్కలు మాత్రము మిగిల్చిపోవు పురుగులను మన సౌకార్‌పేటలో ఎఱుగనివారుండరు. ఇవే ఉసిళ్ళు. చిత్తూరు వైపువారు ఈసుళ్ళందురు. తమిళులు ఈసల్ అందురు. చెదపురుగులలో ఱెక్కలు వచ్చి, క్రొత్త పుట్టలు పెట్టుటకై బయలుదేరు కాబోవు రాజులును రాణులును ఇవియే. మొదటి సంతతిని పెంచుటకు వలయు క్రొవ్వును దేహముననే దాచుకొని వచ్చును గనుక, వేపునపుడు నూనె పోయకున్నను కమ్మగా నుండును.

త్రైమాస పరీక్షల సెలవులు స్వగ్రామమున గడపి వచ్చిన మా విద్యార్థి యొకడు, వేపిన ఉసిళ్ళను బొరుగులతో కలిపి డబ్బాలో తెచ్చెను. కొందఱు ముక్కు మూసికొనిరి. ఇద్దఱు రుచి చూచిరి. వేరుసెనగపప్పువలె నున్నదని వారిలో నొకడనెను. "పురుగులు తినువాడు" అను పేరు మాత్రము ఆ బాలుని వారము దినములు వదలలేదు. ఆ పిలుపు మాన్పించితిమి. శాకాహారులగు పిల్లలయెదుట డబ్బా తెఱవవలదని వానికిని చెప్పితిమి. మన కుటుంబములలో శాకాహారులు పెక్కుమంది గలరు. వారి నియమము వారిది.

పల్లెలలో పుట్టకలుగుల వద్దను, రాత్రివేళ దీపము క్రింద నీటిపళ్ళెముంచియు వీనిని పట్టుదురు. పొడిమూకుటిలో వేపి, చాటతో చెఱిగినచో ఱెక్కలు ఎగిరిపోవును. పిమ్మట ఉప్పు, కారము చల్లి, బొరుగులతోనో వేయించిన బియ్యముతోనో కలిపి తిందురు. దీనిని కఱవుతిండి యని చులకన చేయుట మాకు సమ్మతము కాదు. ఏటికి కొలది దినములే దొరకునట్టి చిరుతిండి యిది. పిల్లలు దానికై వానకు ఎదురుచూతురు.

రొయ్య, పీత, పురుగు ఇవన్నియు కీళ్ళకాళ్ళుగల ఒకే పెద్దవర్గమునకు చెందినవి. నెల్లూరి రొయ్యలవేపుడును మెచ్చువారు ఉసిళ్ళను చూచి ఓకరించుటకు అలవాటు లేమియే కారణము. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ప్రకటించిన నివేదికలో, మానవులు తిను కీటకజాతులు 1,900కు పైగా కలవని యున్నది. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎఱ్ఱచీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. సింగపూరు ప్రభుత్వము ఆ సంవత్సరముననే 16 జాతుల కీటకములను ఆహారముగా అనుమతించినది.

అయినను పట్టణపు వీధిదీపముల క్రింద ఏఱినవి పిల్లలకు పెట్టరాదు; పురుగులమందు తగిలినవో కావో చూచి చెప్పలేము. పచ్చివి తినరాదు. మొదటిసారి నాలుగైదు గింజలు చాలును. రొయ్యలు, పీతలు తిన్నచో దద్దుర్లు గాని, ఆయాసము గాని వచ్చు పిల్లలకు ఇవియు పడకపోవచ్చును. అట్టివారికి ఒక్కటియైనను ఈయవలదు.