జావాస్క్రిప్ట్ ఆపరేటర్లు: ఫోన్ బిల్లు లెక్క ఎక్కడ తప్పుతుంది?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్‌కు మెట్రోలో మూడే స్టాపులు. ఈ ఏరియాలో కోచింగ్ సెంటర్లకు, మొబైల్ షాపులకు కొదవే లేదు. వెబ్ కోర్సు చేస్తున్నవాళ్లకు మొబైల్ షాపు బిల్లు పేజీ మంచి మొదటి ప్రాజెక్ట్. కాకపోతే ఆపరేటర్లు సరిగ్గా అర్థం కాకపోతే ఆ పేజీ కస్టమర్ ముందే షాపు పరువు తీస్తుంది. ఎలాగో చూద్దాం.

మామూలు లెక్కలు

ఆపరేటర్ అంటే విలువల మీద పని చేసే గుర్తు. +, -, *, / స్కూల్ నుంచే తెలుసు. % మాత్రం శేషం ఇస్తుంది. రూ.15999 ఫోన్‌ను వడ్డీ లేకుండా 6 వాయిదాలు చేస్తే 15999 % 6 విలువ 3. అంటే నెలకు రూ.2666, మిగిలిన 3 రూపాయలు ఏదో ఒక వాయిదాలో కలపాలి.

+ తో జాగ్రత్త

ఫారమ్ బాక్సులో టైప్ చేసింది అంకె అయినా, జావాస్క్రిప్ట్ చేతికి టెక్స్ట్‌గానే వస్తుంది. టెక్స్ట్ దొరికితే + కూడదు, అతికిస్తుంది:

"15999" + "299" → "15999299"

ఫోన్, కవర్ కలిపి కోటిన్నర దాటింది! కానీ - అలా కాదు:

"15999" - "1000" → 14999

అసలు ట్రాప్ ఇదే. డిస్కౌంట్ టెస్ట్ చేస్తే కరెక్ట్‌గా వస్తుంది, అంతా బాగుందనుకుంటాం.

అందుకే ముందు నంబర్ ఫంక్షన్‌తో అంకెగా మార్చండి. "15,999" అని కామా పెడితే అది అంకె కాదనేస్తుంది. పార్స్‌ఇంట్ వాడితే ఇంకా ప్రమాదం, కామా దగ్గరే ఆగి 15 ఇస్తుంది. కామాలు తీసేశాకే మార్చాలి.

పోలికలు

"8999" > "15999" → నిజం

రెండూ టెక్స్ట్ కాబట్టి డిక్షనరీలో పదాల్లా మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది. 1 కంటే 8 పెద్దది, అంతే. ధరల వరుస తలకిందులవుతుంది.

"" == 0 → నిజం
"" === 0 → అబద్ధం

== రకాలు వేరైతే మార్చి మరీ పోలుస్తుంది. === రకం కూడా చూస్తుంది. బ్రెండన్ ఐక్ 1995లో నెట్‌స్కేప్‌లో ఈ భాష మొదటి రూపాన్ని పది రోజుల్లో చేశారు. === 1999 నాటి ఎక్మాస్క్రిప్ట్ 3లో ప్రమాణమైంది. == ను ఇప్పుడు మారిస్తే పాత వెబ్ పేజీలు దెబ్బతింటాయి. కాబట్టి === అలవాటు చేసుకోవాల్సింది మనమే.

|| కాదు, ??

మామూలు డిస్కౌంట్ రూ.500 అనుకోండి. ఓనర్ ఈ రోజు 0 అని పెట్టాడు.

0 || 500 → 500
0 ?? 500 → 0

|| కు సున్నా అన్నా "ఏమీ లేదు" అనే లెక్క. ప్రతి బిల్లుకూ ఓనర్ జేబులోంచి 500 పోతుంది. 2020లో వచ్చిన ?? నల్, అన్‌డిఫైన్డ్ అయితేనే రెండో విలువకు వెళ్తుంది. ఖాళీ బాక్సును అంకెగా మార్చినా 0 వస్తుంది కాబట్టి ఖాళీనా కాదా అన్నది మార్చకముందే చూడాలి.

పేజీ షాపుకి ఇచ్చే ముందు ప్రతి బాక్సులో నాలుగు వేసి చూడండి: 15999, 15,999, 0, ఖాళీ. నాలుగింటికీ బిల్లు సరిగ్గా వస్తేనే కౌంటర్ మీదకు పంపండి.