పలక మీద మాంసం, లోపల నీటి లెక్క

బెల్జియంలో ఎలెజెల్ అనే పల్లె ఉంది. 1895 డిసెంబరులో అక్కడ ఒక అంత్యక్రియల్లో బ్యాండు వాయించిన వాద్యకారులు పని ముగించుకుని భోజనానికి కూర్చున్నారు. వడ్డించినవాటిలో ఉప్పునీటిలో ఊరవేసిన పచ్చి పంది తొడ మాంసం, అంటే హామ్, కూడా ఉంది. తిన్నవారిలో చాలామందికి చూపు మసకబారింది, మింగడం కష్టమైంది. ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెం అనే శాస్త్రజ్ఞుడు ఆ మాంసాన్ని పరీక్షించి, విషాన్ని తయారుచేసే ఒక బాక్టీరియాను అందులోంచి వేరుచేశాడు. దాన్నే ఇప్పుడు క్లాస్ట్రిడియం బొటులినమ్ అంటున్నాం. లాటిన్‌లో బొటులస్ అంటే సాసేజి.

ఇలా నిలవచేసిన మాంసాలనే ఈనాడు యూరప్, అమెరికాలలో చెక్క పలక మీద అందంగా పేర్చి, జున్నులు, పండ్లు, బిస్కట్ల వంటి క్రాకర్లు జతచేసి ఇంటికొచ్చిన అతిథుల ముందు పెడతారు. దీన్ని షార్కుటరీ బోర్డు అంటారు. అమెరికాలో మీ బంధువులుంటే వాళ్లు పంపిన ఫొటోలలో మీరూ చూసి ఉండవచ్చు. ఫొటోలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కానీ ఆ పలక మీద ఒక ముక్క సాయంత్రమంతా ఉన్నా చెడదు, దాని పక్కనున్నది రెండు గంటల్లో ప్రమాదకరం కావచ్చు. ఎందుకని?

మన ఆవకాయ జాడీని తలచుకోండి. ముక్కలో నీరుంది, అయినా కుళ్లదు. ఉప్పు ఆ నీటిని పట్టి ఉంచుతుంది కనుక సూక్ష్మజీవులకు అది అందదు. (పులుపు, నూనె కూడా సాయపడతాయనుకోండి.) ఒక పదార్థంలో సూక్ష్మజీవులకు అందుబాటులో ఉన్న నీటిని కొలిచే అంకెను నీటి క్రియాశీలత అంటారు. స్వచ్ఛమైన నీటికి అది 1. తాజా మాంసానికి సుమారు 0.99. బొటులినమ్ బాక్టీరియా 0.94కు దిగువన పెరగలేదు. లిస్టీరియా అనే మరో బాక్టీరియాకు హద్దు దాదాపు 0.92. బాగా ఆరిన సలామీలో ఇది 0.90 లోపే ఉంటుంది.

ఇటలీలోని పార్మా హామ్‌లో పంది తొడ, ఉప్పు తప్ప మరేమీ ఉండవు. ఏడాదికి పైగా ఆరబెడతారు. బరువులో నాలుగో వంతుకు పైగా నీరుగా పోతుంది. ఇందులో ఒక పోటీ దాగి ఉంది. పైన రుద్దిన ఉప్పు ఎముక దాకా చేరడానికి వారాలు పడుతుంది, బాక్టీరియాకేమో గంటలు చాలు. అందుకే మొదటి నెలల్లో తొడను చల్లని గదుల్లోనే ఉంచుతారు. చలి బాక్టీరియాను ఆపుతుంది, ఈలోగా ఉప్పు లోపలికి చేరుతుంది. ఉప్పు, పసుపు పట్టించి తీగ మీద ఎండబెట్టే మన మాంసం ఒరుగులకు ఇంత తంటా లేదు. ముక్కలు సన్నం, ఎండ తీవ్రం. పైగా వాటిని వండుకునే తింటాం.

సలామీ సంగతి వేరు. మాంసాన్ని కీమా కొట్టగానే పైనున్న బాక్టీరియా లోపలికంతా కలిసిపోతుంది. అందుకని కొంచెం చక్కెర వేసి, పాలను తోడుపెట్టినట్లే లాక్టిక్ ఆమ్లాన్నిచ్చే బాక్టీరియాను చేర్చి పులియబెడతారు. పీహెచ్ 5 దగ్గరకు దిగుతుంది. ఆ తర్వాత ఆరబెడతారు. పైన కనిపించే తెల్లని పొర తరచు పెనిసిలియం జాతి బూజే, కావాలని పెంచినది. ఆకుపచ్చ, నలుపు బూజు కనిపిస్తే మాత్రం పారేయాలి.

చాలా రకాల్లో సోడియం నైట్రైట్ కూడా స్వల్పంగా కలుపుతారు. బొటులినమ్‌ను అడ్డుకునేది, గులాబి రంగునిచ్చేది అదే. దానికి మూల్యమూ ఉంది. నైట్రైట్ నుంచి క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లు ఏర్పడగలవు. నిలవచేసిన మాంసం రోజూ 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రకటించింది. అంటే నూటికి 18 మందికి వస్తుందని కాదు, ముందునుంచి ఉన్న ముప్పు అంత పెరుగుతుందని. ఎప్పుడో ఒక విందులో నాలుగు ముక్కలు తినడం వేరు, రోజూ తినడం వేరు.

ఇక పలక పేర్చేటప్పుడు అసలు జాగ్రత్త పేటే వంటి మెత్తని ముద్దల విషయంలో. కాలేయం, కొవ్వు కలిపి ఉడికించిన ఈ ముద్దలో నీరెక్కువ, ఆమ్లం తక్కువ. ఉడికించిన హామ్ కూడా అంతే. కామంబేర్ వంటి మెత్తని జున్ను మీది బూజు ఆమ్లాన్ని తినేస్తుంది కనుక అదీ ఈ జట్టులోదే. వీటిని చివరి నిమిషంలో ఫ్రిజ్ నుంచి తీయాలి, రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. మే నెలలో మన ఇళ్లలో ఇది ఎంత సులభంగా దాటుతుందో మీకు తెలుసు. లిస్టీరియా ఫ్రిజ్ చలిలోనూ మెల్లగా పెరగగలదు కాబట్టి గర్భిణులు వీటికి దూరంగా ఉండాలి.

నీరు పక్కవాటిలోకి కూడా పాకుతుంది. కోసిన పుచ్చముక్కను క్రాకర్ పక్కన పెడితే, వానాకాలంలో మూత తీసిన డబ్బాలో జంతికల్లా అది మెత్తబడుతుంది. తడి పదార్థాలకు చిన్న గిన్నెలు వాడేది అందుకే. సలామీని పల్చగా కోస్తే కొవ్వు నాలుక వేడికి త్వరగా కరిగి రుచి తెలుస్తుంది. వెనిగర్‌లో ఊరిన చిన్న దోసకాయలు ఆ జిడ్డును విరుస్తాయి.

విందు ముగిశాక కోయకుండా మిగిలిన సలామీ ముక్కను కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. సాయంత్రమంతా బయట ఉన్న పేటే మాత్రం, ఎంత మిగిలినా, చెత్తబుట్టలోకే.