పరీక్ష మారింది... మరి పుస్తకం?

కంప్యూటర్ సెక్యూరిటీ ఉద్యోగాల వైపు వెళ్దామనుకునే అమ్మాయిలు ఎవరిని సలహా అడిగినా మొదట వినిపించే పేరు ‘సెక్యూరిటీ ప్లస్’. కాంప్‌టియా అనే అమెరికా సంస్థ 2002 నుంచి పెడుతున్న పరీక్ష ఇది. డిగ్రీ ఏదైనా ఫరవాలేదు. పెళ్ళి, పిల్లలు అంటూ మధ్యలో పదేళ్ళు ఇంట్లో ఉండిపోయినా ఫరవాలేదు. నెట్‌వర్కింగ్ వచ్చి, రెండేళ్ళ అనుభవం ఉంటే మంచిదని ఆ సంస్థ చెబుతుంది గానీ అది షరతు కాదు. 2005లో అమెరికా రక్షణ శాఖ తన సెక్యూరిటీ సిబ్బందికి సర్టిఫికెట్లు తప్పనిసరి చేసి, ఆ జాబితాలో దీన్ని కూడా చేర్చింది. దాంతో దీనికి గిరాకీ పెరిగింది.

అంతా బాగానే ఉంది. చిక్కల్లా ఒకటే. ఈ పరీక్ష ఎప్పుడూ ఒక్కలా ఉండదు. ఇంచుమించు మూడేళ్ళకోసారి కొత్త రూపం వస్తుంది. 2017లో వచ్చింది 501. 2020 నవంబరులో వచ్చింది 601. 2023 నవంబరు 7న వచ్చింది 701. పుస్తకం అట్టమీద ‘ఎస్‌వై0’ పక్కన ఉండే అంకె ఇదే. కొత్తది వచ్చాక కొన్ని నెలలపాటు రెండూ నడుస్తాయి. తర్వాత ఒక తేదీన పాతది శాశ్వతంగా ఆగిపోతుంది. 601 అలా 2024 జులై 31తో ఆగిపోయింది.

నేను సాయంత్రాలు నలుగురైదుగురికి ఈ పాఠాలు చెబుతుంటాను. 2024 జూన్‌లో మా వీధిలోనే ఉండే ఒకావిడ పుస్తకం పట్టుకుని వచ్చింది. బీఎస్సీ చదివింది, ఇద్దరు పిల్లలు. చీటీ పాడుకున్న డబ్బు ఫీజు కోసం పక్కన పెట్టుకుంది. బంధువుల అబ్బాయి ఇచ్చిన 601 పుస్తకం, ఒక కోచింగ్ సెంటరు వాళ్ళ నోట్సు ఆమె దగ్గరున్నాయి. ఆ సెంటరు వాళ్ళు ఏప్రిల్‌లో డబ్బు కట్టించుకున్నారు. జులై ఆఖరుకి ఆ పరీక్షే ఉండదన్న మాట మాత్రం ఎవరూ చెప్పలేదు. “అక్కా, ఐదు భాగాల్లో మూడు పూర్తిచేశాను. ఆరు వారాల్లో పాతది రాసేయనా, కొత్తదానికి మళ్ళనా?” అని అడిగింది.

ఫీజు వేలల్లో ఉంటుంది. తప్పితే మళ్ళీ మొత్తం కట్టాల్సిందే. పాతది రాసి తప్పితే, రెండోసారి రాయడానికి ఆ పరీక్షే మిగలదు. అందుకని ఇద్దరం కూర్చుని రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టి చూశాం.

పైపైన చూస్తే రెండింటికీ పెద్ద తేడా కనబడదు. రెండింటిలోనూ ఐదు భాగాలే. గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. 100 నుంచి 900 దాకా ఉండే కొలతలో 750 వస్తే పాస్. (అలాగని నూటికి 83 మార్కులు రావాలని కాదు, లెక్క వేసే పద్ధతి వేరు. ఈ 83 లెక్క చూసి హడలిపోయినవాళ్ళని చాలామందిని చూశాను.) లోపలికి వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది. 601లో రోజువారీ కాపలా, ఏదైనా జరిగితే స్పందించడం అనే భాగానికి నూటికి 16 వంతులు ఉండేది. 701లో సెక్యూరిటీ ఆపరేషన్స్ పేరుతో అది 28 అయింది. నియమాలు, రిస్క్, ఆడిట్ వంటివి 14 నుంచి 20కి పెరిగాయి. ఇందులో కొంత పాత సరుకే. 601లో 25 వంతులున్న ‘అమలు’ అనే భాగాన్ని తీసేసి, అందులోని పాఠాల్ని మిగతా వాటిలో సర్దారు. అయినా మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది. ‘దీని పేరేమిటి’ అనడం తగ్గి, ‘ఇలా జరిగింది, ముందు ఏం చేస్తావు’ అని అడగడం పెరిగింది.

దీనికి మంచి ఉదాహరణ 601లోని ఒక పెద్ద జాబితా. ఎన్‌మ్యాప్, నెట్‌క్యాట్, ట్రేస్‌రూట్ అంటూ కమాండ్ల పేర్లు వరసగా ఉండేవి. పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు వల్లించేవారు. 701లో ఆ జాబితా లేదు. అలాగని నేర్చుకున్నది వృథా కాదు, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే వాటితో పని పడుతుంది.

కొత్తగా బరువు పెరిగిన వాటిలో నాకు బాగా నచ్చింది మార్పుల నిర్వహణ, అంటే చేంజ్ మేనేజ్‌మెంట్. ఒక ఆసుపత్రి సర్వర్‌లో ఏదో సెట్టింగ్ మార్చాలనుకోండి. ఎవరి అనుమతి తీసుకోవాలి, ఏ వేళ మార్చాలి, ఎవరెవరికి ముందే చెప్పాలి, బెడిసికొడితే పాత స్థితికి ఎలా తేవాలి... ఇవన్నీ 701లో విడిగా ఒక పాఠం. ఇల్లు నడిపిన మనిషికి ఇది అర్థం కావడానికి అరగంట చాలు. మా వీధి ఆవిడ చదువుతూ నవ్వేసింది, “వంటగ్యాస్ కంపెనీ మార్చినప్పుడు నేను చేసిందంతా ఇదే కదా” అని.

ఇంకొకటి జీరో ట్రస్ట్. పాత పద్ధతిలో ప్రహరీ గోడ, గేటు దగ్గర వాచ్‌మన్. లోపలికొచ్చాక అందరూ మనవాళ్ళే. జీరో ట్రస్ట్ బ్యాంకు లాకరు వంటిది. ఇరవై ఏళ్ళుగా ఖాతా ఉన్నా, మేనేజరు పలకరించినా, వెళ్ళిన ప్రతిసారీ సంతకం పెట్టాలి, మీ తాళంచెవితోపాటు వాళ్ళ తాళంచెవీ పడాలి. 601లో ఇది ఒక మాటగా మాత్రం కనిపిస్తుంది. 701లో అది ఎలా పనిచేస్తుందో, నిర్ణయం ఎక్కడ జరుగుతుందో, అమలు ఎక్కడ జరుగుతుందో విడదీసి చదవాలి.

మోసాల పాఠంలోనూ మార్పులున్నాయి. ఫోన్లో మాయచేసి లాగడం, ఎస్సెమ్మెస్‌తో వల వేయడం రెండింటిలోనూ ఉన్నాయి. 701లో ఆఫీసు ఈమెయిల్ మోసం పేరు చేరింది. యజమాని రాసినట్టే ఉత్తరం వస్తుంది, ‘ఫలానా పార్టీ అకౌంటు నంబరు మారింది, డబ్బు దీనికి పంపు’ అని. అకౌంట్స్ చూసే ఆడవాళ్ళు పరీక్ష రాయకపోయినా ఈ పాఠం చదవాలంటాను. అలాగే పోలీసులమని వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరిస్తున్నారే, అది ఈ పాఠాల్లోని ఫోను మోసం, మారువేషం కలిసినదే. అటువంటిది మీ ఇంట జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

కొన్నిచోట్ల విషయం అదే, పేరు మారింది. ఇద్దరి మాటల మధ్య దొంగ దూరి వినడాన్ని 501లో ‘మ్యాన్ ఇన్ ద మిడిల్’ అనేవారు. 601 నుంచి ‘ఆన్-పాత్’ అంటున్నారు. మధ్యలో దూరేవాడు మగవాడే ఎందుకవ్వాలి అనుకున్నారో ఏమో! పాత పేరుతో చదివిన మనిషి పరీక్ష హాల్లో కొత్త పేరు చూసి కంగారుపడుతుంది. పాత నోట్సు వల్ల వచ్చే నష్టాల్లో ఇదొకటి.

మా వీధి ఆవిడ చివరికి 701 వైపే మళ్ళింది. మూడు భాగాల కష్టం పోలేదు. ఎన్‌క్రిప్షన్, పాస్‌వర్డ్‌లు, ఫైర్‌వాల్, దాడుల రకాలు చాలావరకు అవే. కొత్తవాటికి రెండు నెలలు అదనంగా పట్టింది. పిల్లల దసరా సెలవులయ్యాక రాసి పాసయింది. ఇంటర్వ్యూలో ఆమెని ఏ కమాండూ అడగలేదట. “రాత్రి రెండింటికి అలారం వచ్చింది, ఎవరికి ముందు ఫోన్ చేస్తావు?” అని అడిగారట.

పుస్తకం కొనేముందు, సెంటరుకి డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. మీరు చెప్పేది ఏ అంకె పరీక్ష? అది ఎప్పుడు ఆగిపోతుంది? ఆగిపోతే కొత్తదానికి మళ్ళీ డబ్బు అడుగుతారా? సమాధానం నసిగితే లేచి వచ్చేయండి. సిలబస్ కాగితాలు కాంప్‌టియా వాళ్ళే ఉచితంగా ఇస్తారు, వాటిని ఎదురుగా పెట్టుకుని చదవండి. ‘అసలు ప్రశ్నలే ఇస్తాం’ అని అమ్మేవాళ్ళ జోలికి పోవద్దు. అవి వాడినట్టు తేలితే సర్టిఫికెట్టే రద్దు చేస్తారు. పైగా వాటిలో ఎన్ని పాత అంకెవో ఎవరు చూడొచ్చారు?

ఇప్పటికే 601 పాసైనవాళ్ళు దిగులు పడక్కర్లేదు. పరీక్ష ఆగిపోయినంత మాత్రాన సర్టిఫికెట్ పోదు. పాసైన రోజునుంచి మూడేళ్ళు చెల్లుతుంది. ఆలోపు శిక్షణలు, కోర్సులు వంటివాటితో 50 పాయింట్లు కూడబెట్టి, రుసుము కడితే మరో మూడేళ్ళు పొడిగిస్తారు. 2011కి ముందు పాసైనవాళ్ళకి మాత్రం ఈ బెడద లేదు, వాళ్ళది జీవితాంతం చెల్లుతుంది.