లాంచీ నిండా చుట్టాలే

గోదావరి కొండల్ని చీల్చుకుని దారి చేసుకున్న చోట, పుష్యమాసపు మంచులో, ఇంటిల్లిపాదీ కలిసి చేసే పాపికొండల నీటి ప్రయాణం

చలి ఎలా ఉంటుందో చూడాలనుకున్న తెలుగు కుటుంబం ముందుగా అరకు పేరెత్తుతుంది. ఇంకాస్త గట్టివాళ్ళు లంబసింగి అంటారు. అదే తూర్పు కనుమల వరుస నైరుతిగా దిగుతూ వచ్చి గోదావరికి అడ్డం పడిన చోట పాపికొండలున్నాయి. ఇక్కడ చలి కోసం ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కక్కర్లేదు. లాంచీలో కూర్చుంటే నదే మనల్ని చలిలోకి తీసుకుపోతుంది. మోకాళ్ళ నొప్పుల బామ్మ, చంటిబిడ్డ తల్లి, పరుగులు తీసే పిల్లలు, ఎప్పుడూ పని ఒత్తిడిలో ఉండే బావగారు, అందరూ రోజంతా ఒకేచోట కూర్చుని చేయగలిగిన కొండల ప్రయాణం తెలుగునాట ఇంతకన్నా తగినది లేదు.

ఇరుకులోకి గోదావరి

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి రైలు వంతెన దాటడానికి నిమిషాలు పడుతుంది. నది అంత వెడల్పు. అదే నది పోలవరానికి ఎగువన, రెండు వైపులా నిటారుగా లేచిన కొండల మధ్య కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. ఇక్కడికి వచ్చేసరికే గోదావరిలో ప్రాణహిత, ఇంద్రావతి కలిసిపోయి ఉంటాయి. కూనవరం దగ్గర శబరి కూడా చేరుతుంది. ఇంత నీరూ ఈ సందులోంచే సముద్రానికి పోవాలి. పక్కకు పరుచుకునే చోటు లేక నది లోతుకు దిగుతుంది. పైకి నిశ్చలంగా కనిపించే నీటి కింద బలమైన సుడులుంటాయి.

చలికాలంలో ఇక్కడి మంచుకీ ఈ ఇరుకే కారణం. రాత్రి కొండవాలుల మీద చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. నది నీరు ఆ గాలికన్నా వెచ్చగా ఉంటుంది. నీటి మీద నుంచి లేచిన ఆవిరి ఆ చల్లగాలి తగిలి మంచుగా కమ్ముకుంటుంది. కొండలు ఎత్తుగా ఉండటంతో సూర్యుడు ఆలస్యంగా తొంగిచూసి, సాయంత్రం తొందరగా తప్పుకుంటాడు. లాంచీ పై అంతస్తులో నిలబడితే మధ్యాహ్నం కూడా శాలువా దించాలనిపించదు. "చెవుల్లోకి గాలి పోతోందిరా, మఫ్లర్ చుట్టుకో" అని పెద్దమ్మ ఎవర్నో కేకేయడం ప్రతి లాంచీలోనూ వినిపిస్తుంది.

గదులు లేని ఓడ

విశాఖపట్నానికి ఇప్పుడు సముద్రపు విహార నౌకలు కూడా వస్తున్నాయి. 2022 జూన్‌లో అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు ఓడ బయల్దేరింది. 2023లో ప్రత్యేకంగా క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. ఆ ఓడల్లో ఎవరి గది వారిది. తలుపు వేసుకుంటే ఎవరి లోకం వారిది. పాపికొండల లాంచీలో గదులుండవు. కింది అంతస్తులో కుర్చీల వరుసలు, పైన కాస్త ఎత్తైన డెక్కు, ఒక మూల వంట సరంజామా, అంతే. తప్పించుకుపోయే చోటు లేక మనుషులు మాట్లాడుకుంటారు. కొండల మధ్యకు వెళ్ళేకొద్దీ ఫోన్ సిగ్నల్ కూడా పోతుంది. అప్పుడు పిల్లలు తాతయ్య వైపు తిరుగుతారు.

పొద్దున్నే ఉప్మా, ఇడ్లీ పొట్లాలు చేతులు మారతాయి. పెళ్ళిళ్ళలో పలకరింపుతోనే సరిపెట్టుకున్న తోడికోడళ్ళు గంటల తరబడి పక్కపక్కన కూర్చుంటారు. హైదరాబాద్ నుంచి వచ్చిన మనవరాలికి, అమలాపురం నుంచి వచ్చిన మేనత్తకీ మధ్య ఏళ్ళనాటి మొహమాటం కరుగుతుంది. మధ్యాహ్నం భోజనం వడ్డించేటప్పుడు ఇంటివాళ్ళే లేచి గరిటె అందుకోవడం మామూలే. కుటుంబాలు ఊరికొకరుగా చెదిరిపోయిన ఈ కాలంలో ఇంత తీరుబడిగా కలిసుండే రోజు మళ్ళీ ఎప్పుడో అని పెద్దవాళ్ళకు తెలుసు. అందుకే చలిగాలి కొడుతున్నా లోపలికి రారు.

గోదావరి మీద గుంపు ప్రయాణం తెలుగువాళ్ళ మనసులో ఎప్పటినుంచో ఉంది. బాపు దర్శకత్వంలో, ముళ్ళపూడి వెంకటరమణ రచనతో 1973లో వచ్చిన 'అందాల రాముడు' భద్రాచలం వెళ్ళే లాంచీ మీదే నడుస్తుంది. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' అదే దారిలో మరో తరాన్ని ఎక్కించుకుంది. ఆ సినిమాలు చూసిన వాళ్ళు ఈ మలుపుల దగ్గర తమ యవ్వనం గుర్తు చేసుకుంటారు.

దారిలో పేరంటాలపల్లి ఆగే చోటు. అడవి నీడలో శివాలయం, రామకృష్ణ మునివాటం అనే ఆశ్రమం, కొండ మీంచి దిగే చిన్న నీటిధార. గుడి బాగోగులు ఈ కొండల గిరిజనులైన కొండరెడ్లే చూసుకుంటారు. ఒడ్డున వెదురుతో చేసిన పూలు, బుట్టలు, బొమ్మలు అమ్ముతారు. అవి తయారుచేసిన చేతులకే నేరుగా డబ్బు అందే చోటు కాబట్టి బేరమాడకుండా కొనడం మర్యాద.

2019 సెప్టెంబరు 15

ఈ నది గురించి రాస్తూ ఈ తేదీని దాటేయకూడదు. ఆ రోజు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పారుతోంది. అయినా 'రాయల్ వశిష్ట' అనే పర్యాటక బోటు బయల్దేరింది. కచ్చులూరు దగ్గర సుడుల్లో బోల్తా పడింది. యాభై మంది దాకా ప్రాణాలు పోయాయి. వాళ్ళలో చాలామంది కుటుంబాలు కుటుంబాలుగా వచ్చినవాళ్ళే. ఒడ్డునున్న ఊళ్ళ గిరిజనులు తమ పడవలు వేసుకుని ఎదురెళ్ళి చేతికందినవాళ్ళను బతికించారు. మునిగిన బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బయటకు లాగింది.

ఆ తర్వాత షికారు బోట్లు చాలాకాలం ఆగాయి. గోదావరి ఒడ్డున కంట్రోల్ రూములు పెట్టారు. ప్రయాణికుల పేర్ల నమోదు, లైఫ్ జాకెట్లు, నీటిమట్టాన్ని బట్టి అనుమతి వంటి నియమాలు వచ్చాయి. ఇంటి పెద్ద ఎవరైనా ఈ యాత్రకు పదిమందిని కూడగట్టేటప్పుడు మొదట చూడాల్సింది బోటులో భోజనం ఏమిటని కాదు. పిల్లలకు సరిపోయే కొలతలో జాకెట్లున్నాయా, అవి కుర్చీ కింద మూటకట్టి ఉన్నాయా లేక ఒంటి మీద ఉన్నాయా, ఎక్కినవాళ్ళందరి పేర్లూ జాబితాలో ఉన్నాయా అన్నవి. "ఫొటోలో బాగుండదు" అని జాకెట్ విప్పే మరిదిగారికి గట్టిగా చెప్పగలిగిన వదినగారు ఒకరుంటే ఆ కుటుంబం అదృష్టం చేసుకున్నట్టే. వరద కాలంలో వెళ్ళాలనే ఆలోచనే వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నది శాంతంగా, కొండలు పచ్చగా, గాలి చల్లగా ఉండే కాలం. రాజమహేంద్రవరం వైపు నుంచి గండి పోచమ్మ గుడి దగ్గర, భద్రాచలం వైపు నుంచి పోచవరం దగ్గర బోటు ఎక్కవచ్చు.

రాత్రికి మారేడుమిల్లి

ఒక్కరోజుతో తృప్తి పడని కుటుంబాలు సాయంత్రానికి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరతాయి. నిజమైన చలి ఇక్కడ ఎదురవుతుంది. అటవీశాఖ, గిరిజనుల వన సంరక్షణ సమితులు కలిసి నడిపే బసల్లో రాత్రి నెగడు వేస్తారు. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని చుక్క నూనె లేకుండా పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. వెదురులోని తడితోనే మాంసం ఉడుకుతుంది. బొంగు చీల్చగానే లేచే పొగ చుట్టూ పిల్లలు మూగుతారు.

మర్నాడు తెల్లవారకముందే లేవగలిగినవాళ్ళు గుడిసె కొండకు వెళ్ళి కాళ్ళ కింద మబ్బులు చూసి వస్తారు. లేవలేనివాళ్ళు దుప్పటి కప్పుకుని కాఫీ తాగుతారు. ఆ కాఫీకి ఈ అడవిలోనే మూలం ఉంది. ఇక్కడికి దగ్గరలోని పాములేరు లోయలోనే 1898లో ఒక బ్రిటిష్ అధికారి కాఫీ మొక్కలు నాటించాడు. అక్కడ మొదలైన పంట కనుమల వెంట పాకి పాడేరు, అరకు కొండలకు చేరింది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

లాంచీ కింద ఉన్న ఊళ్ళు

ఈ కొండలు కొండరెడ్ల ఇల్లు. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఈ కొండల్లో వాళ్ళ మధ్య తిరిగి, పోడు సేద్యాన్ని, జీలుగు చెట్లను, మామిడి టెంకలతో గడిపే కరువు రోజులను వివరంగా రాసి 1945లో పుస్తకం తెచ్చాడు. వాళ్ళకు లాంచీ షికారు సాధనం కాదు. అది సంతకు, ఆసుపత్రికి, బడికి వెళ్ళే బస్సు.

2021 జూన్‌లో పోలవరం ప్రాజెక్టు దగ్గర గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. ఎగువన నీరు నిలబడటం మొదలైంది. 2022 జూలై వరదలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. దేవీపట్నం, తొయ్యేరు, వీరవరం, మంటూరు వంటి ఊళ్ళ జనం ఇళ్ళు వదిలి పునరావాస కాలనీలకు వెళ్ళారు. ప్రాజెక్టు పూర్తి మట్టం 45.72 మీటర్లకు నీరు నిలిపితే ఇంకెన్నో గడపలు మునుగుతాయి. డెల్టా పొలాలకు, విశాఖ దాహానికి ఆ నీరు కావాలి. కానీ ఆ నీటికి మూల్యం చెల్లించినవాళ్ళు ఈ ఒడ్డువాళ్ళు. లాంచీ ఆ ఊళ్ళ మీదుగా వెళ్ళేటప్పుడు మైకు పాట తగ్గించి వాటి పేర్లు పిల్లలకు చెప్పడం పెద్దవాళ్ళ బాధ్యత.

అంతటితో ఆగకూడదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల మీద నడిచిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతపు భూములను గిరిజనేతరులకు గనుల లీజుకివ్వడం చెల్లదని తీర్పిచ్చింది. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టాలని కూడా సూచించింది. గనులకు చెప్పిన న్యాయం షికారుకూ వర్తించాలి. పాపికొండల అందం మీద సాగే ప్రతి బోటు యాత్రలోనూ సరంగు, వంటమనిషి, గైడు, బస నడిపే సంఘం ముందుగా నిర్వాసితుల్లోంచే రావాలి. టిక్కెట్టులో వాళ్ళకు వాటా చట్టబద్ధంగా ఉండాలి. మన కుటుంబాలు కలుసుకునే ఈ చల్లని చోటునే వాళ్ళ కుటుంబాలు వదులుకున్నాయి. 2019లో మన మనుషుల్ని నీళ్ళలోంచి లాగినవాళ్ళు వాళ్ళే. ఈ నది మీద వచ్చే రాబడిలో మొదటి హక్కు వాళ్ళది.